‘నా విశ్వాసం తక్కువైందా, అక్కయ్యా?’

ప్రశ్న: అక్కయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. మాది కృష్ణా జిల్లాలో సముద్రం దగ్గర పల్లె. నాకు 34 ఏళ్లు. మా ఆయన సెంట్రింగ్ పనికి వెళ్లేవారు. పోయిన క్రిస్మస్‌కి వారం ముందు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. పాప తొమ్మిదో తరగతి, బాబు ఆరు. డ్వాక్రా లోను కాక, వారంవారం కట్టే ఫైనాన్స్ లోను ఒకటి ఉంది. ఆసుపత్రి కోసం నూటికి ఐదు రూపాయల వడ్డీకి ఇంకో అప్పు తెచ్చాను. నేను రొయ్యల షెడ్డుకి వెళ్తున్నాను. వచ్చిన కూలి వాయిదాలకే చాలడం లేదు. ఫైనాన్స్ వాళ్లు రాత్రి ఎనిమిదింటికి వచ్చి గుమ్మంలో కూర్చుంటున్నారు.

సంఘంవాళ్లు వచ్చి ప్రార్థన చేశారు. కానీ ఒకామె, మీ ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది అంది. ఇంకొకరు మాత్రలు మానేసి దేవుడి మీదే ఆధారపడమన్నారు. ముందుగా పదివేలు కృతజ్ఞత కానుక వేస్తే కార్యం జరుగుతుందని కూడా అన్నారు, దానికి అప్పు అడగాలని చూస్తున్నాను. ఏడిస్తే ‘ఊరకుండుడి అని వాక్యం చెప్పడం లేదా’ అంటున్నారు. డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు గోడకి ఉంది. ‘దేవుడు మనకు ఆశ్రయమును దుర్గమునై యున్నాడు’ అని. ఆ ఆశ్రయం ఎక్కడుంది అక్కయ్యా? రెండు నెలలుగా చర్చికి వెళ్లలేదు. ప్రార్థనకి కూర్చుంటే మాట రావడం లేదు. రాత్రుళ్లు నిద్ర లేదు. ఒక్కోసారి నేను లేకపోతే ఈ గొడవే ఉండదు కదా అనిపిస్తోంది. నా విశ్వాసం తక్కువైందా?

— ఒక చెల్లెలు

జవాబు: అక్కయ్యా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, చెల్లీ. నువ్వు చివర్లో అడిగిన ప్రశ్న కంటే దానికి ముందు రాసిన మాట దగ్గర నేను ఆగిపోయాను. ‘నేను లేకపోతే’ అన్నావు. ఆ ఆలోచన ఎప్పుడో ఒకసారి వచ్చి పోతోందా, లేక రోజూ వస్తోందా? ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి అనేదాకా వెళ్లిందా? అలా అయితే ఈ కాగితం పక్కన పెట్టు. ఇంట్లో ఎవరు మెలకువగా ఉంటే వాళ్లకి, లేకపోతే పక్కింటామెకి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ రాత్రి ఒంటరిగా ఉండకు. 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు దాన్ని, ప్రభుత్వానిదే, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు, ఏ అర్ధరాత్రయినా ఎత్తుతారు. అలాంటిదేమీ లేదు, విసుగుతో వచ్చిన మాటే అంటావా, అయినా ఒకసారి చెయ్యి. నెలల తరబడి నిద్ర లేని మనిషికి డాక్టరు సాయం కావాలి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

‘దేవుడి బిడ్డవై ఉండి చావు మాట ఎత్తుతావా’ అని నిన్ను కోప్పడేవాళ్లు ఉంటారు. వాళ్లు ఏలీయా ప్రవక్తని మర్చిపోయారు. కర్మెలు కొండ మీద ఆకాశం నుంచి అగ్ని దిగివచ్చేలా ప్రార్థించిన మనిషి ఆయన. ఆ తరవాత యెజెబెలు రాణి చంపిస్తానని కబురు పెడితే ప్రాణభయంతో పారిపోయాడు. అరణ్యంలో ఒక రోజంతా నడిచి, ఒక చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం, తీసి చదువు. దూత వచ్చి ఆయనకి ప్రసంగం చేయలేదు, విశ్వాసం ఏమైందని నిలదీయలేదు. తట్టి లేపి, లేచి తిను అన్నాడు. తలదగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు. ఏలీయా తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. అప్పుడు కూడా దూత తొందరపెట్టలేదు. పడుకోనిచ్చి రెండోసారి లేపాడు, రెండోసారీ తిండే పెట్టాడు. ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమైయున్నది’ అన్నాడు. నీ శక్తికి మించిందని దేవుడి దూతే ఒప్పుకున్నాక, నువ్వు తట్టుకోలేకపోతున్నాను అంటే అందులో అవిశ్వాసం ఎక్కడుంది?

కాబట్టి మొట్టమొదట నీ తిండీ నిద్రా చూసుకో. షెడ్డులో పొద్దున్నుంచీ చన్నీళ్లలో చేతులు పెట్టి రొయ్యల తలలు తీసి, సాయంత్రం వచ్చి ఆయనకి పెట్టి, పిల్లలకి పెట్టి, అడుగున మిగిలింది తిని పడుకునే రకమే నువ్వు అని నీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇవాళ్టి నుంచి నలుగురితో పాటు కూర్చుని తిను.

ఇక ‘ఊరకుండుడి’ సంగతి. ఈ మాటని ఏడ్చే ఆడవాళ్ల నోటికి అడ్డం పెట్టడం ఎన్ని ఇళ్లలో చూశానో. అది నీ కార్డు మీదున్న కీర్తనలోదే, 46వ కీర్తన పదో వచనం. దాని ముందు వచనం ఎవరూ చదవరు. అందులో దేవుడు భూమి మీద యుద్ధాలు మాన్పిస్తాడు, విల్లు విరుస్తాడు, ఈటెల్ని నరుకుతాడు, రథాల్ని కాల్చేస్తాడు. ఆ తరవాతే ‘ఊరకుండుడి, నేనే దేవుడనని తెలిసికొనుడి’ అంటాడు. ఇది ఎవరితో అన్న మాట? కత్తులు దూసుకుని మీద పడుతున్న జనాలతో. దిక్కుతోచక కోటలోకి పరుగెత్తుకొచ్చిన మనిషిని నోర్మూసుకోమని కాదు. నీ విషయంలో ఆ మాట చెప్పాల్సి వస్తే రాత్రి ఎనిమిదింటికి నీ గుమ్మంలో కూర్చునేవాళ్లకి చెప్పాలి.

కార్డు మీద మొదటి వచనం దగ్గరే ఆపేశారు. కార్డు చిన్నది, చోటు చాలదు, అచ్చువేసేవాళ్లని అని లాభం లేదు. కానీ తరవాతి రెండు వచనాలూ చదివితే నీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. భూమి మారిపోయినా, పర్వతాలు నడిసముద్రంలో మునిగినా, నీళ్లు ఘోషపెట్టి నురగలు కక్కినా భయపడం అంటారు. ఇవేవీ జరగవు అని మాత్రం అనరు. జరిగితే అన్న లెక్కలోనే పాట కట్టారు.

సముద్రం ఘోషపెట్టడం అంటే ఏమిటో మీ జిల్లావాళ్లకి నేను చెప్పాలా? 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. పదివేలమందికి పైనే పోయారు. మీ ఊళ్లో డెబ్భై దాటిన ముసలమ్మని ఎవరినైనా అడుగు, ఆ రోజుని ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతారు. ఆ రాత్రి మోకాళ్ల మీద ఉన్నవాళ్లూ కొట్టుకుపోయారు, దేవుడి పేరు ఎత్తనివాళ్లూ తుమ్మచెట్టు పట్టుకుని బతికారు. పోయినవాళ్లకి విశ్వాసం తక్కువ అని ఆ ముసలమ్మ ముందు అనగల ధైర్యం ఎవరికుంది? అనలేనప్పుడు నీ భర్త మంచాన పడ్డాడని నీ ముందు అనడానికి మాత్రం వీళ్లకి హక్కెక్కడిది?

ఆ ఉప్పెన తరవాత తీరం పొడవునా తుపాను షెల్టర్లు కట్టారు కదా, ఎత్తుగా స్తంభాల మీద. మీ ఊరి దగ్గరా ఒకటి ఉండే ఉంటుంది. షెల్టరు తుపానుని ఆపదు. నువ్వు లోపల ఉన్నా బయట నీ ఇంటి రేకులు లేచిపోతాయి, గొడ్డూ గోదా పోతాయి, చేను ఉప్పుబారుతుంది. లోపల సుఖంగా కూడా ఉండదు, చంటిపిల్లల ఏడుపులు, తడిబట్టలు, గోడవారన కాసింత చోటు కోసం తగువులు. కానీ తెల్లారేసరికి నువ్వుంటావు, నీ పిల్లలుంటారు. దేవుడు ఆశ్రయం అన్న మాటని నేను ఇలాగే అర్థం చేసుకున్నాను. నువ్వు మాత్రం ఆ కార్డు చూసి, ఆశ్రయం ఉంటే తుపాను రాకూడదు కదా అనుకున్నావు. వచ్చేసరికి ఆశ్రయమే లేదనుకున్నావు. తప్పు నీది కాదు. సాక్ష్యాలు చెప్పేటప్పుడు మనం బాగుపడ్డ రోగాలే చెబుతాం, తీరిన అప్పులే చెబుతాం. మానని రోగంతో ఇరవై ఏళ్లు దేవుణ్ణి పట్టుకుని ఉన్నామెని మైకు దగ్గరికి పిలవం.

పాపం సంగతి ఎక్కువ చెప్పను. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు వాళ్లూ కాదు అన్నాడు యేసు. యోహాను 9వ అధ్యాయం. ఆ మాట ఆయనే అన్నాక మనింట్లో పాపం వెతకడానికి పక్కవీధామె రావడం దేనికి? కష్టాల్లో పడ్డ యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులూ ఇదే పని చేశారు. వాళ్లు వచ్చి ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ అతని పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు, వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక అంతా పాడుచేశారు. ఆఖర్న దేవుడు వాళ్ల మీద కోప్పడ్డాడు, నా గురించి మీరు సరిగ్గా మాట్లాడలేదు అని. తిట్టుకుంటూ, ఏడుస్తూ, దేవుణ్ణే కోర్టుకి లాగుతానన్నట్టు మాట్లాడిన యోబు సరిగ్గా మాట్లాడాడట!

మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా ఆపొద్దు. ఈ మాట నేను ఎంత గట్టిగా చెప్పగలనో అంత గట్టిగా చెబుతున్నాను. పక్షవాతం ఒకసారి వచ్చిన మనిషికి బీపీ మాత్ర ఆపేస్తే రెండోసారి వచ్చే ప్రమాదం పెరుగుతుంది, రెండోది మొదటిదానికంటే గట్టి దెబ్బ తీయొచ్చు. నీకు ఆ సలహా ఇచ్చినవాళ్లు షుగరు మాత్ర వేసుకుని వచ్చి ఇచ్చారేమో కూడా చూసుకో. హిజ్కియా రాజు చావుబతుకుల్లో ఉండి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 ఏళ్లు ఆయుష్షు పెంచానన్నాడు. వాగ్దానం వచ్చేసింది కదా అని ఊరుకున్నారా? అంజూరపు పండ్లు నూరి పుండు మీద కట్టు కట్టమని యెషయా ప్రవక్త చెప్పాడు, కట్టారు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. అదే పౌలు తన తోటివాడు త్రోఫిముకి జబ్బు చేస్తే మిలేతులో వదిలి వచ్చానని రాశాడు, అతని విశ్వాసం చాలలేదని రాయలేదు. బీపీ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు, తెచ్చుకో. ఫిజియోథెరపీ ఆపేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టించు. మొదటి నెలల్లో చేసిన వ్యాయామమే చేతికీ కాలికీ ఎక్కువ పనిచేస్తుంది. మాట కోసం కూడా వ్యాయామాలు ఉంటాయి, డాక్టరుని అడిగి నేర్చుకుంటే పాప రోజూ నాన్న చేత చేయించగలదు. నూనె రాసి ప్రార్థించేవాళ్లని రానివ్వు, మాత్ర వేశాకే రాయించుకోండి.

పదివేల కానుక కోసం అప్పు చేయొద్దు. నూటికి ఐదు చొప్పున ఆ పదివేలకి నెలకి ఐదు వందలు, ఏడాదికి ఆరు వేలు వడ్డీ కట్టాలి. దేవుడికిచ్చింది పదివేలైతే వడ్డీవ్యాపారికి ఇచ్చింది ఆరు వేలు. కొరింథువాళ్లకి కానుకల గురించి రాస్తూ పౌలు, మనిషికి ఉన్నదాన్ని బట్టే అది ప్రీతికరం, లేనిదాన్ని బట్టి కాదు అన్నాడు. రెండో పత్రిక ఎనిమిదో అధ్యాయం. ఎవరైనా మళ్లీ అడిగితే అధ్యాయం చూపించు.

అప్పు గురించి బైబిల్లో నీలాంటి మనిషి కథే ఒకటుంది, చాలామంది నూనె పొంగిన అద్భుతం దగ్గర హల్లెలూయా కొట్టి వెళ్లిపోతారు. రెండో రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం. ప్రవక్తల శిష్యుల్లో ఒకాయన పోయాడు. భక్తిగలవాడే, ఆ సంగతి నీకు తెలుసు అని ఆయన భార్య ఎలీషా ప్రవక్తతోనే అంది. భక్తి ఉన్నా అప్పు మిగిలింది. అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా లాక్కుపోవడానికి వచ్చి కూర్చున్నాడు. ఎలీషా ఆమెని ఏం పాపం చేశావని అడగలేదు, ఎందుకు అప్పు చేశారనీ అడగలేదు. నీకేం కావాలి, నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. కుండలో కాస్త నూనె తప్ప ఏమీ లేదంది.

అప్పుడు ఆయన చెప్పిన పని చూడు: వీధిలో ఇంటింటికీ వెళ్లి ఖాళీ గిన్నెలు అడిగి తెచ్చుకో, తక్కువ తేకు. అంటే ఆ రోజు ఆ వీధివీధంతా ఆమె సంగతి తెలిసింది. పరువు పోతుందని ఆమె తలుపేసుకుని కూర్చుని ఉంటే తెచ్చిన గిన్నెలు ఉండేవి కావు, నూనె పట్టేది కాదు. గిన్నెలు అయిపోగానే నూనె ఆగిపోయింది అని రాసి ఉంది. తరవాత ఎలీషా ఏమన్నాడు? వెళ్లి నూనె అమ్ము, అప్పు తీర్చు, మిగిలిందాంతో నువ్వూ పిల్లలూ బతకండి. ఆ నూనెలో నాకో గిన్నె ఇవ్వమని అడగలేదు. అద్భుతం కూడా చివరికి అమ్మకం, లెక్క, ఇల్లు గడవడం దగ్గరికే వచ్చింది.

నీ గిన్నెలు ఏవో చూద్దాం. ఒక కాగితం తీసుకుని మూడు అప్పులూ రాయి: ఎవరికి, అసలెంత, ఇప్పటిదాకా కట్టిందెంత, వాయిదా ఎంత. పాప చేత రాయించకు, ఆ లెక్కల భారం ఆ పిల్ల మీద వద్దు. ఆ కాగితం పట్టుకుని ముందు డ్వాక్రా గ్రూపు లీడరు దగ్గరికి వెళ్లు. భర్త మంచాన పడ్డాడని చెప్పి వాయిదాలకి గడువు పెంచమని బ్యాంకుకి గ్రూపు తరఫున అడిగించు.

ఫైనాన్స్ కంపెనీ సంగతి. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న ఇళ్లకి ఇచ్చే ఇలాంటి లోన్లకి రిజర్వుబ్యాంకు 2022లో నిబంధనలు పెట్టింది. ఉదయం 9 లోపూ సాయంత్రం 6 తరవాతా వసూలు కోసం ఫోన్ చేయడమే తప్పు, ఇక రాత్రి ఎనిమిదింటికి గుమ్మంలో కూర్చోవడం ఒప్పెలా అవుతుంది? డబ్బు ఇద్దరూ అనుకున్న చోటే వసూలు చేయాలి. నువ్వు వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే వాళ్లు ఇంటికి రావచ్చు. బూతులు తిట్టకూడదు, బెదిరించకూడదు, చుట్టాలనీ ఇరుగుపొరుగునీ వేధించకూడదు. అందుకని వాయిదాలు కట్టే మీటింగు తప్పించకు. డబ్బు లేకపోయినా వెళ్లి, లేదని చెప్పి, ఎంత కట్టగలవో చెప్పు. వాయిదా తగ్గించి గడువు పెంచమని కంపెనీకి కాగితం మీద రాసిచ్చి, ఒక నకలు నీ దగ్గర పెట్టుకో. వచ్చినవాళ్ల పేరు, వచ్చిన టైము రాసి పెట్టు. కంపెనీకి ఫిర్యాదు చేసి నెల గడిచినా దారికి రాకపోతే రిజర్వుబ్యాంకు నంబరు 14448కి ఫోన్ చెయ్యి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఐదు రూపాయల వడ్డీ ఆయన దౌర్జన్యం చేస్తే 15100కి చెయ్యి, న్యాయసేవా సంస్థది. ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా లాయరుని ఉచితంగా పెడతారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు మాత్రం చేయకు. ఇది నీకు తెలియక కాదు, రాత్రి ఎనిమిదింటికి గుమ్మంలో మనిషి కూర్చుంటే ఎవరి బుర్రా పనిచేయదు.

ఇంకొకటి. ఆయనకి పింఛను పెట్టారా? నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. 2024 జులై నుంచి మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకి 6,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైపోయినవాళ్లకి 15,000. సచివాలయానికి వెళ్లి సదరం పరీక్షకి, అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి రాసే పరీక్షకి, స్లాట్ బుక్ చేయించు. ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, స్కాన్ రిపోర్టు, ఆధార్ దగ్గర పెట్టుకో. ఏ పింఛను వస్తుందో పరీక్ష చేసిన డాక్టర్లు రాసినదాన్ని బట్టి ఉంటుంది. దీనికి టైము పడుతుంది, తిప్పుతారు కూడా. అందుకే ఇవాళే మొదలుపెట్టమంటున్నాను.

దేవుడి గురించి అడిగితే ఈ అక్కయ్య పింఛన్ల గురించి చెబుతోందేమిటి అనుకుంటున్నావా? దేవుడి సాయం ఆకాశం నుంచే ఊడిపడాలని మనకి ఎవరు నేర్పారో గాని, ఏలీయాకి కూడా రొట్టె నిప్పుల మీద కాలితేనే వచ్చింది.

ప్రార్థనకి మాట రావడం లేదన్నావు. రాకపోతే రప్పించకు. కీర్తనల గ్రంథం నీ తరఫున మాట్లాడుతుంది. 13వ కీర్తన తెరువు: ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని మొదలవుతుంది. ఇదే మాట నువ్వు స్త్రీల కూడికలో నీ సొంతమాటగా అంటే సణుగుడు అంటారు, దావీదు అంటే కీర్తన అంటారు. అది కూడా బరువైతే 88వది చదువు. మిగతా విలాప కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి. ఇది తిరగదు, చీకట్లో మొదలై చీకట్లోనే ఆగిపోతుంది. దాన్ని కూడా తీసేయకుండా పరిశుద్ధ గ్రంథంలో ఉంచారు. రాత్రి ఆయన పక్కన కూర్చుని ఒకటి పైకి చదువు. ఆయనకి మాట ముద్దగా వచ్చినా వినబడుతుంది కదా. నీకు ఏడుపొస్తే ఆయన ముందే ఏడువు. ఎడమచేత్తో నీ చెయ్యి పట్టుకోగలడు. ఇన్ని నెలలుగా నువ్వు ఆయన ముందు ధైర్యంగా ఉన్నట్టు నటిస్తున్నావని నా అనుమానం, ఆయనకి అది తెలుసని కూడా నా అనుమానం.

విశ్వాసం తక్కువైందా అన్నావు. తగ్గి ఉండవచ్చు, కాదనను. మూర్ఛలతో పడిపోతున్న కొడుకుని తీసుకొచ్చిన తండ్రి యేసుతో, నమ్ముతున్నాను, నా అపనమ్మకం పోయేలా సాయం చెయ్యి అన్నాడు. ఒకే ఊపిరిలో రెండూ అన్నాడు. ముందు పూర్తిగా నమ్మి అప్పుడు రా అని యేసు అతన్ని వెనక్కి పంపలేదు, పిల్లవాణ్ణి బాగుచేశాడు. నువ్వు ఇంత కోపంలోనూ ఆ కార్డుని గోడ నుంచి తీసేయలేదు. నాకు ఆ మాత్రం చాలు, దేవుడికీ చాలుతుందనే నమ్ముతాను.

చర్చికి వెళ్లాలా అంటే, వెళ్లు. కానీ నవ్వు ముఖం పెట్టుకుని వెళ్లక్కర్లేదు. వెనక వరసలో కూర్చుని, పాట వస్తే పాడు, రాకపోతే విను. దానికి ముందు పాస్టరమ్మగారిని ఒకసారి విడిగా కలువు. జరిగిందంతా చెప్పు, పాపం మాటా, మాత్రల మాటా, పదివేల మాటా. పాస్టరుగారికి ఈ సంగతులు తెలిసే ఉండవు. ‘మా కోసం ప్రార్థించండి’ అని వచ్చేయకు, చేయగలిగిన పనులే అడుగు. సదరం పరీక్షకి ఆయన్ని తీసుకెళ్లడానికి ఒక ఆటో, మోసి ఎక్కించడానికి ఇద్దరు కుర్రాళ్లు. వారంలో రెండు పూటలు ఆయన దగ్గర కూర్చునే మనిషి ఒకరు. ఫైనాన్స్ మీటింగుకి నీతో వచ్చి పక్కన నిలబడే పెద్దమనిషి ఒకరు. యెరూషలేములో మొదటి సంఘం ఏడుగురిని ఏరికోరి నియమించింది దేనికనుకున్నావు, విధవరాళ్లకి రోజూ భోజనం సరిగ్గా అందుతోందా చూడ్డానికి. ఇది సంఘం చేయాల్సిన పనే, నువ్వు అడుక్కోవడం కాదు. అడిగినా అక్కడ ఎవరూ కదలకపోతే, కదిలే సంఘం పక్క ఊళ్లో ఉందేమో చూసుకో, తప్పేమీ లేదు.

పాపని మాత్రం బడి మాన్పించి షెడ్డుకి తీసుకెళ్లకు, ఎంత ఇబ్బందైనా. నువ్వు రాయలేదు గాని, ఆ ఆలోచన వచ్చే ఉంటుంది.

నెల తిరిగేలోపు మళ్లీ ఉత్తరం రాయి. 14416కి చేశావా లేదా, సదరానికి ఏ తేదీ ఇచ్చారు, ఫైనాన్స్ వాళ్లు నీ కాగితం తీసుకున్నారా లేదా రాయి. తీసుకోకపోతే ఎవరికి రాయాలో, ఎలా రాయాలో నేను చెబుతాను.